నల్ల కారు మీద చేతులు

మార్చి 2, సోమవారం

సకల జనులారా, ముఖ్యంగా ఓ దొరబాబూ. మల్కాపురం కార్ల పెయింటు షెడ్డుకు ఏకైక చక్రవర్తి, ఎనిమిదో తరగతిని వదల్లేక రెండుసార్లు చదివిన పండితుడు జ్ఞానదాసు గారు నిండు సభలో చాటించునది: నేటి నుంచి నా టీ గ్లాసులో ఎవరూ బ్రష్షు కడగరాదు. కడిగినవాడి టీలో థిన్నరు కలపబడదు, మనం అంత దుర్మార్గులం కాము. వాడి చెప్పులు మాత్రం నేలకు అంటించబడును. ఇది శాసనం.

నిండు సభ అంటే నేనూ, ఈ డైరీ. పెయింటు షాపువాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చారు. ఇంతకాలం పప్పు డబ్బాకి మూతగా పనిచేసింది. ఇవాళ దేవకుమారి దాన్ని తుడిచి తెచ్చి నా ఒళ్లో పడేసింది.

"దగ్గు ఎప్పుడొత్తే అప్పుడు ఇందులో రాయి. ఏ పని సేత్తంటే వచ్చిందో అదీ రాయి. డాక్టరుకి సెప్పాల కదా."

"భార్య మొకం సూత్తే వచ్చిందని రాయొచ్చా?"

"రాయి. డాక్టరు నా మొకం కూడా సూత్తాడు, నీదీ సూత్తాడు. ఎవులికి మందివ్వాలో ఆయనకి తెలుత్తాది."

నా చేతిరాత ఆవిడకి అర్థం కాదు. కొన్నిసార్లు నాకూ కాదు. కాబట్టి ఈ పుస్తకం నాదే.

ఇవాళ దగ్గు లేదు. సాయంత్రం కొంచెం. అది చేపల పులుసులో కారం.

మార్చి 4

టిమోతి బండి తెచ్చాడు. టిమోతి దేవకుమారి తమ్ముడు, నా బావమరిది, దేవుడు నా సహనానికి పెట్టిన పరీక్ష. ఇన్నేళ్లూ ఎవరెవరి కార్లో నడిపి ఇప్పుడు సొంతంగా ఒక పాత నల్ల కారు కొన్నాడు. బీచి రోడ్డులో ఒక హోటలువాళ్లు ఈస్టరు అయ్యాక బండి చూస్తారట. నచ్చితే ఎయిర్‌పోర్టు నుంచి అతిథుల్ని తెచ్చే పని వీడిది.

బండి లోపల బాగానే ఉంది. పైన క్లియర్ కోటు మాత్రం ఎండకి వీపు తోలు లేచినట్టు రేకులు రేకులుగా లేచిపోయింది.

"బావా, నువ్వేసే క్లియరే కావాల. ఓటలు మేనేజరు బానెట్లో మొకం సూసుకొని తల దువ్వుకోవాల."

"ఆయన సూసుకుంటే పర్లేదు. నువ్వు సూసుకోకు. బండి జడుసుకుంటాది."

మట్టల ఆదివారం నాడు పాస్టరు గారు బండికి ప్రతిష్ఠ ప్రార్థన చేస్తారట. ఆలోపు కావాలి.

రంగు ఎవడైనా వేస్తాడు. రంగు మీద నీళ్లలా కనబడే ఆ పొర, ఎండనీ ఉప్పుగాలినీ ఆపే పొర, అది వేయాలంటే ఈ చుట్టుపక్కల నా పేరే చెబుతారు. క్లియర్ దాసు అంటారు. వేరే పని నాకు రాదు. వచ్చని ఎప్పుడూ అనిపించుకోలేదు కూడా.

దగ్గు లేదు.

మార్చి 6

దేవకుమారి పోరు పడలేక దువ్వాడ వెళ్లి డాక్టరుకి చూపించుకొచ్చాను. అంత దూరం ఎందుకంటే అక్కడైతే మనవాళ్లెవరూ తగలరు. డాక్టర్ శ్రీనివాసరావు. మందుల షాపు పైన, మేడ మీద. బట్టతల, లవంగం నములుతుంటాడు, నల్లకారు ఉంది, కిటికీలోంచి చూపించాడు. మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కాను. ఆయాసం రాలేదు.

వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. "నీ ఊపిరితిత్తులకేం, గుర్రంలా ఉన్నాయి. ఇది ఊరి ధూళి. క్లియర్లో కలిపే ఆ హార్డెనర్ గీర్డెనర్ అని బెంగ పెట్టుకోకు" అన్నాడు.

దేవకుమారికి ఇదే చెప్పాను. ఆవిడ కూర తరగడం ఆపింది. మళ్లీ తరిగింది.

"మందులేటి ఇచ్చినాడు?"

"గుర్రానికి మందేటే?"

మార్చి 9

కోటు ఏది వేయాలన్నది ఇంకా తేలలేదు.

రెండు రకాలున్నాయి. ఒకటి హార్డెనర్ కలిపి కొట్టేది. రాయిలా గట్టిపడుతుంది, అద్దంలా ఉంటుంది, ఏళ్లు ఉంటుంది. కానీ రంగు కొట్టే గన్నులోంచి పొగమంచులా లేచినప్పుడు కొంచెం మనలోకి కూడా వెళ్తుంది. రెండోది హార్డెనర్ అక్కర్లేనిది. గబగబా ఆరుతుంది, మనిషికి సుఖం. కానీ మెత్తన. విశాఖ ఎండలో కొన్నాళ్లు మెత్తగానే ఉండి, ఉప్పుగాలికి తొందరగా మొహం వాడుస్తుంది. అలాంటిది వేస్తే క్లియర్ దాసు అని ఎవరూ పిలవరు.

ఇవి చాలవన్నట్టు టిమోతి ఫోను పట్టుకొచ్చాడు.

"బావా, ఇది సూడు. మ్యాట్ క్లియరంట. మెరుపుండదు. ఇప్పుడంతా ఇదేనంట."

"బూడిదలో పొర్లిన గేదెలాగుంది."

"పెద్దపెద్దోళ్లు ఎయించుకుంటన్నారు బావా."

"పెద్దోళ్లకి మెరుపెందుకురా, ఆళ్లకి డబ్బు మెరుత్తాది. నీకు బండే మెరవాల."

మా షెడ్డులో సొట్టలు తీసే దొరబాబు సుత్తి ఆపి విన్నాడు. జాలరిపేట మనిషి. వాళ్ల నాన్నకి పడవ ఉంది, వీడికి సముద్రం పడదు, అందుకని రేకుల్లో పడ్డాడు. "మా పడవకి ఏ రంగేసినా సేపలకి ఒకటే. మీరు కారుకి ఇంత ఇది అయిపోతన్నారు" అన్నాడు.

సలహా అడగలేదు కాబట్టి వాడి చెప్పులు నేలకి అంటించాను.

మార్చి 14

పాత తలుపు రేకు ఒకటి తీసి, సగం హార్డెనర్ క్లియరు, సగం ఉత్త క్లియరు కొట్టి చూశాను. చూడకుండా ఏది మంచిదో ఎలా తెలుస్తుంది. నాకు ముప్పై ఏళ్లుగా తెలుసన్నది వేరే సంగతి.

హార్డెనర్ సగంలో షెడ్డు రేకులు, బల్బు, నా మీసం, అన్నీ కనబడ్డాయి. మీసం కింద నోరు తెరిచి ఉంది. గాలికోసం అని చూసినవాళ్లు అనుకోవచ్చు.

దేవకుమారి క్యారేజీ తెచ్చి, గుమ్మంలో నిలబడి, నా దగ్గు అయ్యేదాకా కదలకుండా చూసింది.

"అది కొట్టినప్పుడే వత్తంది."

"ధూళే. డాక్టరు సెప్పినాడు కదా."

"డాక్టరు ఇక్కడ నిలబడి సూసినాడేటి? నాను సూసినాను. ఇటు రా."

నా చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంది. ప్రమాణాలు చేయకూడదని బైబిల్లో ఉందని గుర్తుచేశాను. "అబద్ధాలు సెప్పకూడదని కూడా ఉంది" అంది. టిమోతి బండికి హార్డెనర్ ముట్టనని చెప్పించింది.

చెప్పాను. ఇక తేలిపోయింది కదా, హాయిగా ఉండాలి. లేదు.

మార్చి 15

దగ్గు లేదు.

మార్చి 16

లేదు.

మార్చి 19

లేదని రాశానుగా.

మార్చి 22, ఆదివారం

చర్చిలో కొత్త పాట. చరణం పొడుగు. సగంలో ఆపి పెదాలు ఆడించాను. పాటలో నా గొంతు ఉంటే పక్క వరుస వాళ్లకి చెవి నొప్పి, కాబట్టి ఇది సంఘసేవ. దేవకుమారి ఆడవాళ్ల వైపు నుంచి తల తిప్పి చూసింది. అంతమంది పాడుతుండగా ఒక గొంతు ఆగడం ఎలా వినబడుతుందో నాకు తెలియదు.

మార్చి 27

కొట్టేశాను. ఉత్త క్లియరు.

దగ్గు రాలేదు. నిజంగా రాలేదు. సాయంత్రం ఇంటికి నడిచే వచ్చాను. రాకపోవడం బాగుండాలి. దానివల్ల ఒక విషయం తేలుతోంది, అది రాయను.

బండి మెరుస్తోంది. మెరుపు లోతుగా లేదు. తలుపు లోపలి అంచున వేలిగోరుతో నొక్కితే గోటి గుర్తు పడింది. ఎండలో పెడితే గట్టిపడుతుంది. గట్టిపడాలి.

మార్చి 29, మట్టల ఆదివారం

ఎక్కడ మొదలుపెట్టను.

బండిని పొద్దుట నుంచీ చర్చి ముందు ఎండలో నిలబెట్టాడు టిమోతి. ఆరాధన అయ్యాక మట్టలు పట్టుకుని అందరూ చుట్టూ చేరారు. పాస్టరు గారు నూనె సీసా తీశారు. అప్పుడు నాకు తట్టింది. ఇన్ని ప్రతిష్ఠ ప్రార్థనలు చూశాను, మనవాళ్లు ఏం చేస్తారో తెలుసు, అయినా క్లియరు ఏదని ఆలోచించినన్నాళ్లూ ఆ ఒక్కటే ఆలోచించలేదు.

"సంఘమంతా దగ్గరికి వచ్చి ఈ వాహనం మీద చేతులుంచండి" అన్నారు పాస్టరు గారు.

"ముట్టుకోవద్దు" అన్నాను. "పెయింటు ఇంకా మెత్తగా ఉంది. ఎవులూ ముట్టుకోవద్దు."

నవ్వారు. అందరూ. రెండేళ్ల కిందట, రంగు ఎప్పుడో ఆరిపోయిన చర్చి బెంచీల మీద పరాచికానికి 'తడి పెయింటు' అని నేను బోర్డు తగిలిస్తే, ఈ జనమే ప్రసంగం అయ్యేదాకా నిలబడి విన్నారు. ఆ రోజు కాళ్లు వాచినవాళ్లందరూ ఇవాళ ఉన్నారు.

"ఈపాలి మేం నిలబడం దాసూ" అంది రోజలిన్ అత్తయ్య. మోకాళ్లు నొప్పులు కదా, రెండు అరచేతులూ బానెట్ మీద ఆన్చి ఒళ్లంతా దాని మీదే వేసింది. మిగతావాళ్లూ వేశారు. డిక్కీ మీద, తలుపుల మీద, టాపు మీద. పొట్టివాళ్లు వేళ్లతో అందుకున్నారు. పాస్టరు గారు బానెట్ మధ్యలో నూనెతో సిలువ గీసి, టైర్ల కోసం, బ్రేకుల కోసం, దారిలో అడ్డొచ్చే ఆవుల కోసం ప్రార్థించారు. ఆయన ఎప్పుడూ క్లుప్తంగా చెయ్యరు. నేను కళ్లు మూసుకోలేదు. ఎండకి బండి పొయ్యి మీద పెనంలా ఉంది.

ఆమెన్ అన్నారు. చేతులు తీశారు. చప్పుడు వచ్చింది, సన్నగా, బెల్లం పాకం నుంచి వేలు తీసినట్టు.

బానెట్ నిండా అరచేతులు. రోజలిన్ అత్తయ్యవి అన్నిటికంటే లోతు, ఉంగరంతో సహా. చేతిలో గీతలు కూడా దిగాయి, జాతకం చెప్పుకోవచ్చు.

పాస్టరు గారు తన వేళ్లు చూసుకున్నారు. టిమోతి నావైపు చూశాడు. వాడు ఏడిస్తే బాగుండేది, ఏదో ఒకటి అనేవాణ్ణి.

"బావా, ఇది ఆటకి సేసినావా?"

ఆటకి కాదని చెప్పాను. వాడు తల ఊపాడు. నమ్మినట్టు కాదు, విన్నట్టు.

మార్చి 30

దొరబాబు బానెట్ చుట్టూ తిరిగి చూసి, "మా పడవకైతే ఇంటి ఆడమనిషి ఒక్కతే బొట్టెట్టి ఊరుకుంటాది. మీవోళ్లు మర్దనా సేసినట్టు సేసీసినారు" అన్నాడు. వాడు పగలబడి నవ్వితే నేనూ నవ్వాను. నవ్వుతుంటే దగ్గొచ్చింది. ఊరికే నవ్వుకే.

మొత్తం గీకి మళ్లీ కొట్టాలి. ఈసారి ఉత్త క్లియరు పనికిరాదు. హోటలువాళ్లు ఈస్టరు మర్నాడే చూస్తారు. టిమోతి పాత పని మానేశాడు కూడా. నావల్ల కాదంటే ఇంకొక షెడ్డుకి తీసుకుపోతాడు. పోవచ్చు. అక్కడా క్లియర్ కొట్టేవాళ్లున్నారు. "దాసుకి ఇప్పుడు సేత కాదంట" అని ఒకడు ఇంకొకడికి చెప్పడానికి అదొక్కటి చాలు.

దువ్వాడ డాక్టరుకి ఫోను చేశాను. "ఒక్క బండికి ఏమీ కాదు. ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని కొట్టు" అన్నాడు. లవంగం నములుతూనే అన్నాడు.

దేవకుమారితో చెప్పాను, డాక్టరు ఒప్పుకున్నాడని. నా తల మీద నువ్వు పెట్టిన చెయ్యేటి అయిందని అడగలేదు. "ఆ డాక్టరు పేరేటన్నావు?" అని మాత్రం అడిగింది.

మార్చి 31

గీకాము. నీళ్లు, గరుకు కాగితం, మళ్లీ నీళ్లు. రోజలిన్ అత్తయ్య చేతులు అన్నిటికంటే ఆఖర్న పోయాయి.

రేపు గాలి లేకపోతే బాగుండు. బయటి గాలి సంగతి రాస్తున్నాను.

ఏప్రిల్ 1

హార్డెనర్ కలిపి కొట్టాను. బానెట్, టాపు, కుడి పక్క అంతా అయింది. ఎలా వచ్చిందంటే, దొరబాబు బానెట్ దగ్గరికి వచ్చి అందులో చూసుకుంటూ మీసం సవరించుకున్నాడు.

ఎడమ వెనక తలుపు దగ్గర ఒక వేషం వేశాను. గన్ను జారవిడిచి, గోడ పట్టుకుని, నోరు తెరిచి, ఊపిరి అందనివాడిలా కిందికి జారిపోయాను. కిందటేడు ఇదే రోజున గుండెనొప్పి అని పడిపోయి, దొరబాబు ఏడవడం మొదలుపెట్టాక లేచి టీ అడిగాను కదా, అందుకని ఈసారి వాడు చప్పట్లు కొట్టాడు.

"ఈ ఏడు ఇంకా బాగా సేత్తన్నావు గురూ. ఆ కళ్లు ఎలగ తిప్పుతన్నావో గానీ."

టిమోతి కూడా నవ్వాడు. ఆదివారం తర్వాత వాడు నవ్వడం ఇదే.

దేవకుమారి క్యారేజీ పట్టుకుని వచ్చింది. ఆవిడ నవ్వలేదు. క్యారేజీ పడేసి వచ్చి, నా ముక్కు గుడ్డ లాగేసి, నా చేతి గోళ్లు వెలుతురులో తిప్పి చూసింది. నీలంగా ఉన్నాయేమో, ఆ రంగు నేను వేయలేదు. నన్ను ఈడ్చుకుని బయట వేపచెట్టు కింద కూర్చోబెట్టి, వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. చాలాసేపు. మాట వచ్చాక అందరికీ వినబడేలా అన్నాను.

"ఏప్రిల్ ఫూల్."

దొరబాబు ఈల వేశాడు. అద్భుతంగా నటించాను.

మిగిలిన తలుపు దొరబాబు కొట్టాడు. నేను చెట్టు కింది నుంచి చేత్తో సైగలు చేశాను, పైకి, కిందికి, ఇంకా దూరంగా. మాటలు ఎందుకు వృథా.

ఏప్రిల్ 2

గన్ను కనబడడం లేదు. దేవకుమారి బియ్యం డబ్బా మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. ఎప్పుడూ అక్కడ కూర్చోదు.

ఏప్రిల్ 3, శుభ శుక్రవారం

దగ్గు.

ఏప్రిల్ 5, ఈస్టరు

తెల్లవారుజామున ఆరాధనకి నల్లకారులోనే వెళ్లాం. చర్చి గేటు దగ్గర రోజలిన్ అత్తయ్య బండిని చూసి రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. పాస్టరు గారు దూరం నుంచి ఆశీర్వదించారు. అందరూ బానెట్లో మొహాలు చూసుకున్నారు. ఎడమ వెనక తలుపు మీద మాత్రం క్లియరు ఒకచోట కారి కన్నీటి చారలా గట్టిపడింది. దొరబాబు పని. హోటలువాళ్లు అటువైపు చూడకుండా బండి గోడకి ఆనించి పెట్టమని టిమోతికి చెప్పాను.

"ఉండనీ బావా. అది సూత్తే నువ్వు గుర్తొత్తావు" అన్నాడు.

"నాను సచ్చిపోనాననుకున్నావేటి?"

వాడు కిటికీ అద్దం తుడిచాడు. తుడవాల్సిందేమీ లేదు.

పాటలప్పుడు దేవకుమారి మగవాళ్ల వైపుకి వచ్చి నా పక్కన నిలబడింది. మా చర్చిలో అలా ఎవరూ నిలబడరు. నేను పెదాలు ఆడిస్తుంటే ఆవిడ కూడా పాడడం మానేసి నావైపే చూసింది.

భోజనాలయ్యాక అంది. "రేపు ఓటలోళ్లకి బండి సూపించీసి తమ్ముడు ఇటే వత్తాడు. మనం దువ్వాడ ఎల్దాం. ఆ శీనివాసరావు డాక్టర్ని నాను సూడాల."

"సోమవారం ఉండడు."

"మంగళవారం ఎల్దాం."

"మంగళవారం..."

"ఉన్న రోజే ఎల్దాం. నువ్వు సెప్పు ఏ రోజు ఉంటాడో. నాకు కోపం నేదు. దారి సూపించు, సాలు."

కోపం ఉంటే ఏదో ఒక పరాచికం ఆడి తప్పించుకునేవాణ్ణి.

ఏప్రిల్ 6, సోమవారం

హోటలువాళ్లకి బండి నచ్చింది. మేనేజరు నిజంగానే తల దువ్వుకున్నాడట. టిమోతి ఫోనులో నవ్వుతూ చెప్పాడు, వస్తున్నాడు. దేవకుమారి చర్చి చీర కట్టుకుని పిన్నులు పెట్టుకుంటోంది. నాకు ఉతికిన చొక్కా తీసి పెట్టింది.

ఎవరూ చదవని పుస్తకం కాబట్టి ఇందులో రాసేస్తాను.

డాక్టర్ శ్రీనివాసరావు లేడు. నేను దువ్వాడ వెళ్లిన మాట నిజం. స్టేషన్లో బల్ల మీద కూర్చుని, పుచ్చకాయ ముక్కలు తిని, రైళ్లు చూసి వచ్చాను. ఏ డాక్టరైనా గొట్టం పెట్టి వింటే ఇక గన్ను పట్టుకోవద్దంటాడని తెలుసు, అందుకని అనని డాక్టర్ని నేనే చేసుకున్నాను. బట్టతల మా పెయింటు షాపు యజమానిది. లవంగం మా నాన్నది. మందుల షాపు లేదు, మేడ లేదు. నేను ఒక్క ఊపున ఎక్కిన ఆ మెట్లు లేవు.

మా ఇంటి మెట్లు ఉన్నాయి. కింద కారు హారను వినబడుతోంది. దేవకుమారి గుమ్మంలో చెయ్యి చాచి నిలబడింది. ఈ మెట్లు మెల్లగా దిగాలి.